గుండుసూదికి బదులు కటకం

విజ్ఞానశాస్త్ర ప్రదర్శన ఎక్కడ జరిగినా, ఒక బల్లమీద తరచుగా కనిపించే వస్తువు ఒకటుంది. తెల్లని థర్మోకోల్ పలక, దానిమీద గుండుసూదులతో గుచ్చిన పది పన్నెండు సీతాకోకచిలుకలు, రెండు తూనీగలు, ఒక మిడత, ఒక పేడపురుగు. పైన రంగుకాగితం కత్తిరించి అతికించిన అక్షరాలు: ‘కీటక సేకరణ’. చూడవచ్చినవారు “అబ్బ, ఎంత బాగున్నాయో!” అంటారు. ఒక్కొక్కసారి బహుమతి కూడా వస్తుంది. కాని ఆ బల్ల దగ్గర నిలబడిన విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. “బాబూ, ఈ పసుపు సీతాకోకచిలుక నీకు ఏ మొక్కమీద దొరికింది? అప్పుడది ఏం చేస్తోంది?” చాలాసార్లు జవాబు రాదు.

ఆ విద్యార్థిని తప్పు పట్టనక్కరలేదు. పట్టుకురమ్మన్నారు, పట్టుకువచ్చాడు. చూసిరమ్మని ఎవరూ చెప్పలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బడిలో చదువుకునే పిల్లలు కీటకాల గురించి నేర్చుకోవడానికి వాటిని చంపనవసరం లేదు. బతికివున్న కీటకాన్ని, అది ఉన్నచోటనే, దగ్గరనుంచి ఫోటో తీసి, ఆ ఫోటో పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టుకుంటే, సూదికి గుచ్చిన కీటకంకన్నా ఎక్కువ సంగతులు తెలుస్తాయి. ఇది కేవలం జాలితో చెప్పే మాట కాదు. శాస్త్రం దృష్టితో చూసినా ఇదే మేలైన పద్ధతి అని నేను నమ్ముతున్నాను. ఎందుకో చూడండి.

కరివేపాకు మొక్క చెప్పే కథ

మీ పెరట్లోనో, బాల్కనీలోని కుండీలోనో కరివేపాకు మొక్క ఉందా? లేత ఆకుల మీద వెతకండి. ఆవగింజకన్నా చిన్నదైన, లేతపసుపు రంగు గుండ్రని గుడ్డు కనిపించవచ్చు. కొన్ని రోజులకు అక్కడే పిట్టరెట్టలాంటి మచ్చ ఒకటి ఆకుమీద కనిపిస్తుంది. నిజానికి అది రెట్ట కాదు, పురుగు. గోధుమరంగు ఒంటిమీద తెల్లని మచ్చతో అచ్చం రెట్టలా ఉండటమే దానికి రక్షణ. రెట్టను తినాలని ఏ పిట్ట అనుకుంటుంది? మరికొన్నాళ్లకు ఆ పురుగు కనిపించదు. దానికి బదులు బొద్దుగా, ఆకుపచ్చగా ఉన్న గొంగళిపురుగు అక్కడ ఉంటుంది. దాన్ని కదిలిస్తే తల వెనకనుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవాన్ని బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది.

రెట్టలాంటి పురుగు ఏమైంది? పిట్ట తినేసిందా? లేదు. అదే ఇది. కుబుసం విడుస్తూ పెరిగి, చివరి దశలో వేషం మార్చింది. తర్వాత సన్నని పట్టుదారంతో తననుతాను కొమ్మకు కట్టుకొని ప్యూపాగా మారుతుంది. అంతా సుమారు నెలరోజుల్లో ముగిసి, నిమ్మజాతి సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటూ బయటికి వస్తుంది. నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు, ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. కాబట్టే ఆ సీతాకోకచిలుక వాటిని వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది.

ఈ కథను గుండుసూది చెప్పగలదా? పలకమీది సీతాకోకచిలుకలో రెక్కలు మాత్రమే ఉన్నాయి. ఆ రెక్కల వెనక ఉన్న నెలరోజుల కాలం అందులో లేదు, కరివేపాకు లేదు, పిట్టరెట్ట వేషం లేదు. అదే, రోజూ ఒకే సమయానికి ఒక ఫోటో తీసి, తేదీ వేసి వరసగా అతికిస్తే, ‘రెట్టలాంటి పురుగూ పచ్చపురుగూ ఒకటే’ అని మీరు రుజువు చేసినట్టే. పుస్తకంలో చదివిన రూపవిక్రియ అనే మాటకు మీ పెరట్లోనే సాక్ష్యం దొరికినట్టే.

మిత్రుడా, శత్రువా?

ఇంకొక ఉదాహరణ. ఎర్రగా గుండ్రంగా, వీపుమీద నల్లని చుక్కలతో ఉండే అక్షింతల పురుగు మీకు తెలుసు. చిక్కుడుపాదుకు పట్టిన పేనుబంకను ఇది తినేస్తుంది. రైతుకు ఎంతో మేలు చేస్తుంది. కాని దీని పిల్లపురుగును చూశారా? అది గుండ్రంగా ఉండదు, ఎర్రగానూ ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిపిల్లలా ఉంటుంది. అది కూడా పేనుబంకను తింటుంది. పాపం, తెలియనివారు దాన్ని చీడపురుగనుకొని నలిపేస్తారు.

ఇంతటితో అయిపోలేదు. వంగమొక్కమీద కూడా అక్షింతల పురుగే అని మనవాళ్లు పిలిచే మరో పురుగు ఉంటుంది. దాని వీపుమీద 28 చుక్కలు ఉంటాయి. అది మిత్రుడు కాదు. వంగ ఆకుల పచ్చదనాన్ని గీకి తిని, ఆకును జల్లెడలా చేస్తుంది. పేరు ఒకటే, గుణాలు రెండు. రెండింటినీ దగ్గరగా ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పేనుబంకను తినేదాని వీపు నున్నగా తళతళ మెరుస్తుంది. వంగమీది దానికి సన్నని నూగు ఉండి, మెరుపు తక్కువగా ఉంటుంది. దాని పిల్లపురుగు పసుపుగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది.

ఫోటో పక్కన ‘చిక్కుడుపాదు, పేనుబంక మధ్యన’ అనో, ‘వంగ ఆకు కింద’ అనో రాసివుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అలా నేర్చుకున్న పిల్లవాడు ఇంట్లో పెద్దలు మందు కొట్టబోతుంటే, “నాన్నా, ఇవి మనకు సాయం చేసేవి, ఆగు” అని చెప్పగలడు. కీటకాల పాఠం వల్ల ఇంటికి కలిగే లాభం ఇంతకంటె ఏముంటుంది?

ఫోటోకు మరో సుగుణం ఉంది. కీటకం పరుగెడుతుంది, ఫోటో నిలిచివుంటుంది. తీరిగ్గా కాళ్లు లెక్కపెట్టవచ్చు. తొలకరికి నేలమీద కనిపించే ముఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగును తీసి లెక్కపెట్టండి. ఎనిమిది కాళ్లుంటాయి. అంటే అది కీటకం కాదు. సాలెపురుగులు, తేళ్ల వర్గానికి చెందింది. మామిడిచెట్టుమీద ఆకుల్ని కలిపి గూడు కట్టే ఎర్రచీమల దగ్గర, అచ్చం వాటిలాగే కనిపించే సాలెపురుగు ఒకటి తిరుగుతుంటుంది. ముందుకాళ్లను మీసాల్లా పైకెత్తి ఆడిస్తూ చీమలా నటిస్తుంది. కంటిని మోసం చేస్తుంది గాని, ఫోటోలో దాని ఎనిమిది కాళ్లూ దొరికిపోతాయి.

మేడమీది ఇళ్లలో ఉండేవారు “మాకు చెట్టూ పుట్టా లేవే” అనవద్దు. గోడమీద గుమ్మడిగింజ ఆకారంలో, బూడిదరంగులో వేలాడే చిన్న సంచిని మీరు చూసే ఉంటారు. దుమ్మని చీపురుతో దులిపేస్తారు. కాసేపు ఓపికపట్టి చూస్తే, దాని ఒక కొసనుంచి చిన్న తల బయటికి వచ్చి సంచిని ఈడ్చుకుంటూ నడుస్తుంది. అది దీపం దగ్గరికి వచ్చే రెక్కలపురుగుల్లో ఒక రకానికి పిల్ల. పట్టుదారంతో ఇసుకనూ దుమ్మునూ కలిపి అల్లుకున్న ఇల్లది. దానికి రెండువైపులా గుమ్మాలుంటాయి.

ఖరీదైన కెమెరా ఉంటేనేనా?

“మా దగ్గర మంచి కెమెరా లేదండీ” అని కొందరంటారు. ఇంట్లో ఉన్న మామూలు ఫోనూ, మీ ప్రయోగశాలలోని చిన్న కుంభాకార కటకమూ చాలు. పదో తరగతి భౌతికశాస్త్రం ఇక్కడ పనికివస్తుంది. కుంభాకార కటకానికి సరిగ్గా నాభి దగ్గర వస్తువును ఉంచితే, దాన్నుంచి బయలుదేరిన కిరణాలు కటకం దాటాక సమాంతరంగా వెళ్తాయి. ఎంతో దూరాన ఉన్న కొండనుంచి వచ్చే కిరణాలూ దాదాపు సమాంతరంగానే ఉంటాయి. కనుక ఫోను ముందు కటకం పెట్టి, పురుగును దాని నాభి దగ్గరకు వచ్చేట్టు చూస్తే, కెమెరాకు అది దూరపు వస్తువుతో సమానమై స్పష్టంగా కనిపిస్తుంది. కటకం నాభ్యంతరం 5 సెంటీమీటర్లయితే పురుగుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

ఇంత దగ్గరకు వెళ్లినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఫోటోలో స్పష్టంగా ఉండే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారుతుంది. అందుకని కీటకం మొత్తం కావాలంటే దాని పక్కకు సమాంతరంగా ఫోనును పట్టుకోండి. ముఖం కావాలంటే కన్ను స్పష్టంగా ఉండేట్టు చూసుకోండి. వేలితో తెరను అటూ ఇటూ నొక్కేకన్నా, ఊపిరి బిగబట్టి మీరే కొద్దిగా ముందుకూ వెనక్కూ జరగడం మంచిది. వెలుతురు రెండోవైపున ఒక తెల్లకాగితం పట్టుకుంటే నీడలు పలచబడతాయి. కీటకం వెళ్లిపోయాక అదే దూరంలో స్కేలును ఉంచి ఒక ఫోటో తీసుకుంటే దాని కొలత కూడా మీకు దక్కుతుంది.

ఫోను లేనివారు ఆగిపోనక్కరలేదు. పెన్సిలు ఉంది. 1665లో రాబర్ట్ హుక్ ‘మైక్రోగ్రాఫియా’ అనే గ్రంథంలో ఈగ కన్నునూ, మిణ్ణల్లినీ, పేనునూ గీసి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. అప్పటికి ఫోటోలే లేవు.

ఫ్రిజ్‌లో పెట్టవద్దు

ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. కదలకుండా ఉంటుందని కీటకాన్ని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, చలికి మొద్దుబారాక తీసి, పువ్వుమీద కూర్చోబెట్టి ఫోటో తీసేవారున్నారు. జిగురుతో అతికించేవారూ ఉన్నారు. ఆ ఫోటోలు తళతళలాడుతూ అందంగా ఉంటాయి. కాని అవి అబద్ధాలు. గడ్డి తిని బతికే మిడతను గులాబీమీద కూర్చోబెడితే, చూసినవారు దాని ఇల్లు గులాబీ అనుకుంటారు. ప్రయోగంలో రాని విలువను పట్టికలో రాసుకోవడం ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు.

కదిలే కీటకాన్ని ఎలా తీయాలన్న చిక్కు కొత్తది కాదు. పైన చెప్పిన హుక్‌కు కూడా చీమను గీయడం కష్టమైంది. నిలకడగా ఉండకపోతే దానికి సారాయి పట్టించాడు. అది మత్తుగా పడివుండి, గంటసేపటికి హఠాత్తుగా లేచి పారిపోయిందని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు వేరే దారి లేకపోవచ్చు. మనకు ఉంది. ఆ దారి తెల్లవారుజాము.

కీటకాల శరీర ఉష్ణోగ్రత చాలావరకు చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. రాత్రి చల్లబడ్డ తూనీగకు రెక్కల కండరాలు వేడెక్కేదాకా ఎగరడం చేతకాదు. ఎండ తగిలేదాకా గడ్డిపోచను పట్టుకొని, ఒంటినిండా మంచుబిందువులతో కూర్చుంటుంది. సూర్యోదయానికి ముందే వెళ్లి, మెల్లగా, నీడ దానిమీద పడకుండా దగ్గరకు జరిగితే దాని కళ్లను కూడా ఫోటో తీయవచ్చు. తూనీగ ఒక్కొక్క కన్నూ వేలకొద్దీ చిన్న కళ్ల కూడిక. ఫ్రిజ్ చేసే పనిని ప్రకృతి రోజూ ఉచితంగా చేసిపెడుతోంది. మనం పెందలాడే లేవాలి, అంతే.

అభ్యంతరాలకు జవాబు

“దోమల్నీ బొద్దింకల్నీ రోజూ చంపుతూనే ఉన్నాం. ఒక్క సీతాకోకచిలుకకు ఇంత గోలెందుకు?” అని అడగవచ్చు. జబ్బు తెచ్చే దోమను చంపడానికి కారణం ఉంది. అయిదు మార్కుల పలకకోసం చంపడానికి అలాంటి కారణం లేదు. పైగా మన దేశంలో కొన్ని జాతుల సీతాకోకచిలుకలకు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. వాటిని పట్టి చంపడం నేరం. పలకకు గుచ్చేముందు అది ఏ జాతిదో పోల్చుకోగల విద్యార్థులు ఎందరు?

“మరి శాస్త్రజ్ఞులు కీటకాలను సేకరించడం లేదా?” అన్నది రెండో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. కొన్ని జాతులను సూక్ష్మదర్శినికింద పరీక్షిస్తేగాని గుర్తించలేరు. ఫోటో ఒక్కటే అన్నింటికీ సరిపోదు. మలేసియాలో 2011లో గ్వెక్ హాక్ పింగ్ అనే ఫోటోగ్రాఫర్ అల్లిక రెక్కల పురుగు ఒకదాన్ని ఫోటో తీసి, దాన్ని ఎగిరిపోనిచ్చాడు. ఆ ఫోటోను అమెరికాలో ఉన్న షాన్ వింటర్టన్ అనే కీటకశాస్త్రజ్ఞుడు ఇంటర్నెట్‌లో చూసి, ఇది ఎవరూ ఇంతవరకు వర్ణించని జాతి అని అనుమానించాడు. కాని దాన్ని కొత్తజాతిగా ప్రకటించడానికి నమూనా కావలసివచ్చింది. గ్వెక్ మళ్లీ అదే చోటికి వెళ్లి ఒకదాన్ని పట్టి పంపాక, 2012లో దానికి ‘సెమాక్రైసా జేడ్’ అని పేరుపెట్టారు.

ఈ సంగతినుంచి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. ఒకటి, శాస్త్రజ్ఞుడు అవసరమైనప్పుడు, అవసరమైనంతే సేకరిస్తాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో రాసిన చీటీ లేని నమూనాకు శాస్త్రంలో విలువ చాలా తక్కువ. మన థర్మోకోల్ పలకలమీద ఆ చీటీయే ఉండదు. రెండు, శాస్త్రజ్ఞుడు కానివారు తీసిన ఒక ఫోటో కొత్తజాతిని వెలికితెచ్చింది. బతికివున్నదాన్ని శ్రద్ధగా చూడటంతోనే అది మొదలైంది.

మన దేశంలోనూ అలాంటివారున్నారు. గోపాలచంద్ర భట్టాచార్య (1895–1981) మొదట బెంగాలులోని ఒక పల్లెబడిలో ఉపాధ్యాయుడు. తరువాత కలకత్తాలోని బోస్ సంస్థలో చేరి, చీమలనూ సాలెపురుగులనూ ఏళ్లతరబడి ఓపికగా గమనించి, తాను చూసినవాటిని పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు తన మాతృభాషలో రాశాడు. ఆయన పరిశీలించిన చీమలూ సాలెపురుగులూ మన చెట్లమీద కనిపించేలాంటివే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రదర్శనలో మార్కులు వేసేటప్పుడు రంగులనూ, సంఖ్యనూ చూడకండి. ఇరవై కీటకాల పలకకన్నా, ఒకే కీటకాన్ని ఇరవై రోజులు చూసిన పుస్తకానికి ఎక్కువ మార్కులు వేయండి. మనం దేనికి మార్కులు వేస్తే పిల్లలు దాన్నే చేస్తారు. తరగతి మొత్తానికి ఒక ఫోనూ, ఒక కటకమూ సరిపోతాయి.

విద్యార్థులారా, మీకు కొన్ని జాగ్రత్తలు. పుట్టల్లోనూ రాళ్లకిందా చేతులు పెట్టవద్దు. బొచ్చుపురుగులను తాకవద్దు, ఒళ్లు దద్దురు తేలుతుంది. కందిరీగల గూటికి దూరంగా ఉండండి. ఫోన్ తెరలో చూస్తూ వెనక్కి నడవవద్దు. కటకంతో సూర్యుణ్ణి ఎన్నడూ చూడవద్దు. ఆకు తిప్పిచూస్తే మళ్లీ మామూలుగా వదిలేయండి.

ఇక పుస్తకంలో ప్రతి ఫోటో పక్కనా ఈ సంగతులు రాయండి: తేదీ, వేళ, ఊరు, చోటు, ఏ మొక్కమీద లేక ఏ గోడమీద, అప్పుడది ఏం చేస్తోంది. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. పేరు ఎప్పుడైనా తెలుసుకోవచ్చు. ఆ రోజున, ఆ ఆకుమీద మీరు చూసింది మాత్రం రాసుకోకపోతే మళ్లీ దొరకదు.

రేపు ఉదయం అమ్మ పోపులోకి కరివేపాకు కోసుకురమ్మంటే, తుంచేముందు ఆ రెబ్బను ఒకసారి తిప్పిచూడండి. దానిమీద పిట్టరెట్టలాంటిదేమైనా ఉంటే ఆ రెబ్బను వదిలి పక్కది కోయండి. ఆ తర్వాత పుస్తకం తీసి మొదటి పేజీలో తేదీ వేయండి.